వేలికి తగలని రింగు

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. గేర్ల మేస్త్రి అంటేనే అందరికీ తెలుసు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆయన చేసిన పని ఒక్కటే. గేర్‌బాక్సు విప్పడం, పాడైన భాగం తీసి మంచిది పెట్టడం, మళ్లీ బిగించడం. ఎవరైనా ఇంజను సంగతి ఎత్తితే, "పంటి డాక్టరు దగ్గరికొచ్చి కడుపునొప్పి చెబితే ఎలాగండీ?" అని నవ్వుతూనే పంపించేసేవాడు.

గేర్‌బాక్సులో సగం పని చూపు అందని చోట ఉంటుంది. చెయ్యి లోపలికి పెట్టి, వేళ్లతో తడిమి తెలుసుకోవాలి. షాఫ్టు మీద బేరింగు కదలకుండా ఒక లాక్ రింగు ఉంటుంది. అది తన గాడిలో పూర్తిగా కూర్చున్నదీ లేనిదీ చూపుడువేలు చుట్టూ తిప్పితేనే తేలుతుంది. మేస్త్రి వేలికి వెంట్రుకవాసి తేడా కూడా తెలిసిపోయేది. ఆయన చెయ్యి పెట్టి "ఊ" అన్నాడంటే, ఇక ఆ బండి గురించి మరో మాట ఉండేది కాదు.

ఆ వేళ్లు ఏడాదిగా మొద్దుబారుతూ వచ్చాయి. షుగరు వల్ల. మొదట్లో కొసల మీద చీమలు పాకుతున్నట్టు ఉండేది. కొన్నాళ్లకు ఆ చీమలు కూడా పోయాయి. ఒకరోజు పొగలు కక్కుతున్న టీ గ్లాసు పట్టుకుని ఆయన తీరిగ్గా కబుర్లు చెబుతుంటే భార్య గబుక్కున లాగేసుకుంది. అప్పటికే రెండు వేళ్లు బొబ్బలెక్కాయి. "ఇనుము పట్టుకుని పట్టుకుని తోలు మందమైందిలే" అని తీసిపారేశాడు. డాక్టరుకి చూపించమని ఆవిడ పోరుతూనే ఉంది. ఆయన చెవిన వేసుకోలేదు.

ఆయనకు ఒక్కతే కూతురు. ఆమె వ్యాను నడుపుతుంది. కిడ్నీలు చెడినవాళ్లను వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి ఆసుపత్రికి తీసుకెళ్లి, అయ్యాక ఎవరి ఇంటి దగ్గర వాళ్లను దించడం ఆమె పని. ఎనిమిది మంది. ఎవరిని ఎక్కించేటప్పుడు ఏ భుజం పట్టుకోవాలో, ఎవరికి కిటికీ తెరిచి ఉంటే పడదో అన్నీ ఆమెకు కంఠతా. వ్యానుకి మాత్రం ఇరవై రెండేళ్లు. దాన్ని తయారుచేసే కంపెనీ ఆ మోడలు మానేసి పదేళ్లయింది. మూడో గేరు ఇబ్బంది పెడుతోందని ఆమె అంటే, మూడు నెలల కిందట మేస్త్రే గేర్‌బాక్సు దించి, విప్పి, బేరింగులు మార్చి బిగించి ఇచ్చాడు.

ఆ వ్యాను ఒక సోమవారం పొద్దున వంతెన ఎక్కుతూ ఎక్కుతూ పెద్ద శబ్దంతో ఆగిపోయింది. గేరు పడదు, పడింది రాదు. వెనక వరసగా బండ్లు, లోపల ఎనిమిది మంది రోగులు. కూతురు రోడ్డుకి అడ్డంగా నిలబడి, వచ్చే కార్లను ఆపి, బతిమాలి, ఒక్కొక్కరినీ ఎక్కించి పంపింది. ఏడుగురు వేళకి చేరారు. ఎనిమిదో ఆయన రిటైరైన పోస్టుమాస్టరు. నడవలేడు, చక్రాల కుర్చీ మనిషి. ఆ కుర్చీ పట్టే బండి దొరికేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికే ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. రెండు రోజులు గాలి అందక అల్లాడి, మూడో రోజు ఎలాగో తేరుకున్నాడు.

బండిని తాడు కట్టి షెడ్డుకి లాక్కొచ్చారు. మేస్త్రి గేర్‌బాక్సు ఒక్కడే విప్పాడు. దాని పై డొప్ప పగిలింది, గేర్ల పళ్లు రాలిపోయాయి. నూనె అడుగున లాక్ రింగు పడి ఉంది. ఆయన దాన్ని గుడ్డతో తుడిచి వెలుతురులో పెట్టి చూశాడు. విరిగి ఉంటే రింగుది తప్పు. గాడి అంచు అరిగి ఉంటే వయసుది తప్పు. రింగు చెక్కు చెదరలేదు, గాడి నిన్న కోసినట్టుంది. అంటే అది ఏనాడూ గాడిలో కూర్చోనే లేదు. కూర్చుందని ఆయన అనుకున్నాడు.

రింగును చొక్కా జేబులో వేసుకుని, వచ్చిన కూతురితో, "పాతదైపోయిందమ్మా. ఇక బాగుపడదు. వేరేది కొనాల్సిందే" అన్నాడు. అందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

ఆ మోడలు గేర్‌బాక్సు పాత సామాన్ల యార్డుల్లో తప్ప దొరకదు. మూడు యార్డులు తిరిగారు. నాలుగోది ఊరి చివర, రైలు పట్టాల పక్కన. దాని యజమానిని అందరూ తొందరాయన అంటారు. ఆయన కుర్చీలోంచి లేవగా చూసినవాళ్లు లేరు కాబట్టి ఆ పేరు. రేకుల కింద కూర్చుని, ఏ మూల ఏ సామాను ఉందో వేలితో చూపిస్తాడంతే.

"మేస్త్రిగారా! రండి రండి. మీరొచ్చారంటే నాకు బేరమాడే పని తప్పినట్టే" అన్నాడు తొందరాయన. "మీకు కావలసినవి రెండున్నాయి. అదిగో, ఆ బస్సు తలుపు వెనకాల. చూసుకోండి."

రెండూ ఒకే మోడలు. ఒకటి శుభ్రంగా తుడిచి, వెండి రంగు వేసి ఉంది. రెండోది మట్టి, నూనె కలిసి గట్టిపడి, ఎండిన పిడచలా ఉంది. కూతురి ముఖం సహజంగానే మొదటిదాని వైపు తిరిగింది. మేస్త్రి చిన్న చెక్కపెట్టె మీద కూర్చుని, యార్డు కుర్రాడి చేత నూనె దించే డ్రెయిన్ బోల్టులు విప్పించాడు. లోపల నూనె ఉంటే, అందులో ఇనుప రజను చూసి కొంత చెప్పొచ్చు. రెండిట్లోనూ నూనె ఎప్పుడో తీసేశారు. ఇక మిగిలింది చెయ్యి.

రంగు వేసినదాని షాఫ్టు పట్టుకున్నాడు. మెల్లగా తిప్పాడు. తిరిగింది. ఇంకోసారి తిప్పాడు. దూది పట్టుకున్నట్టుంది. రెండోదాన్నీ తిప్పాడు. అదీ దూదే. ఎడమచేత్తో చూశాడు. ఆ చెయ్యీ ఏమీ చెప్పలేదు.

"ఏమంటారు మేస్త్రిగారూ?" అని కుర్చీలోంచే అరిచాడు తొందరాయన. "మీరు ఊ అంటే ట్రాలీ పిలుస్తాను."

"ఇదే బాగుంది కదా నాన్నా? చూడ్డానికి కూడా..." అంటూ కూతురు చేతిసంచి తెరవబోయింది.

"ఊ" అనడానికి ఎంతసేపు? ముప్పై ఎనిమిదేళ్లుగా అంటున్న మాట. పెదాల దాకా వచ్చేసింది కూడా. సగం పాళ్లు అది మంచిదే కావచ్చు. కాకపోతే? మళ్లీ అదే వంతెన, అదే ఎనిమిది మంది. మేస్త్రి షాఫ్టు మీంచి చెయ్యి తీసేశాడు.

"ఆగమ్మా" అన్నాడు. "నాకు తెలియట్లేదు."

"ఏం తెలియట్లేదు?"

"ఏదీ. నా వేళ్లకి ఏదీ తెలియట్లేదు." జేబులోంచి రింగు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. "ఇది మన బండిది. పాతదై పోలేదు తల్లీ. నేను సరిగ్గా పెట్టలేదు. పెట్టానో లేదో నా వేలికి అందలేదు. పోస్టుమాస్టరుగారికి అయిందంతా నా వల్లే."

కూతురు రింగు వంక చూసింది. తండ్రి వంక చూసింది. అప్పుడు తొందరాయన కుర్చీలోంచి లేచాడు. చెప్పులు కూడా వేసుకోకుండా, యార్డు రెండో చివరికి నడుచుకుంటూ వెళ్లి, అక్కడ దేన్నో వెతుకుతున్నట్టు వీపు తిప్పి నిలబడ్డాడు.

"ఎన్నాళ్లుగా ఇలా?" అంది కూతురు.

"ఏడాది దాటింది."

"ఏడాదిగా తెలిసే చేస్తున్నావా?"

"తెలియకేం. తెలుసు. కానీ పని చేస్తూంటే తెలియనట్టు ఉండొచ్చనుకున్నాను. ఈ చేతులు పోతే నేను ఇంకేంటమ్మా?"

"పోస్టుమాస్టరుగారి భార్య నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? బండి ముసలిదైందిలే, నువ్వు మాత్రం ఏం చేస్తావు తల్లీ అంది. నేనూ అదే అనుకుని నిద్రపోయాను నాన్నా. వారం రోజులు హాయిగా నిద్రపోయాను." ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకి తేలికగా ఉండేది. "నాకు చెప్పాల్సింది. నేను వాళ్లని ఎక్కించుకునే ముందు నాకు చెప్పాల్సింది."

"చెప్పాల్సింది" అన్నాడు మేస్త్రి.

పట్టాల మీద గూడ్సు బండి వచ్చింది. అది వెళ్లాక కూతురు చేతిసంచి పక్కన పెట్టి, నేల మీద చతికిలబడి, రంగు వేసిన గేర్‌బాక్సును దగ్గరికి లాక్కుంది.

"ఎలా పట్టుకోవాలో చెప్పు" అంది.

"నీకు అలవాటు లేదు తల్లీ..."

"నా వేళ్లు బాగానే ఉన్నాయి. చెప్పు."

ఆయన చెప్పాడు. "గట్టిగా పట్టుకోకు. నీ రోగుల్ని భుజం పట్టుకుని దింపుతావు చూడు, నొప్పి పుట్టకుండా, అలా. కళ్లు మూసుకో. మెల్లగా తిప్పు. ఏం తెలుస్తోంది?"

"ఏం లేదు. తిరుగుతోంది."

"నూనెలో తిరుగుతున్నట్టా, ఇసుకలోనా?"

ఆమె మళ్లీ తిప్పింది. మళ్లీ. మేస్త్రి ఆమె వేళ్లనే చూస్తున్నాడు. ఆరోసారో ఏడోసారో ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"ఒకచోట అన్నంలో రాయిలా తగులుతోంది."

"ఎన్ని చుట్లకి?"

"ప్రతి చుట్టుకీ. అదే చోట."

"బేరింగు పోయింది. ఇది వద్దు." ఆయన దాని వెండి రంగు వైపు చూశాడు. "ఊ" అందామనుకున్నది దాని గురించే.

మట్టి పట్టినదాన్ని ఆమె ఇంకా ఎక్కువసేపు చూసింది. షాఫ్టును ముందుకీ వెనక్కీ లాగి చూసింది, పైకీ కిందికీ కదిపింది. ఒక్కో గేరూ వేసి తిప్పింది. పైమూత విప్పించి, టార్చి వేసి పళ్ల అంచులు చూసింది. ఆయన అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పింది, తెలియనప్పుడు తెలియదంది. గంట పట్టింది. చివర్లో, "ఇది బాగుంది" అని ఆమే అంది, ఆయన అనలేదు. తొందరాయన తిరిగొచ్చి, ఆ గేర్‌బాక్సును ట్రాలీ ఎక్కించడానికి తానూ ఒక చెయ్యి వేశాడు. డబ్బు మాట వచ్చినప్పుడు మేస్త్రి ముఖంలోకి చూడకుండా మాట్లాడాడు.

దారిలో కూతురు అడిగింది. "ఈ ఏడాదిలో నువ్వు బిగించినవి ఇంకా ఎన్ని?"

ఆయన ఆ లెక్క అప్పటికే వేసుకుని ఉన్నాడు. "ఏడు."

"వాళ్లకి చెప్పాలి."

"చెబుతాను."

గేర్‌బాక్సును వ్యానుకి ఎక్కించింది పక్క షెడ్డు మెకానిక్కు. లోపలి రింగులన్నీ కూతురే వేలు తిప్పి చూసింది. మేస్త్రి గోడవార కూర్చుని టార్చి పట్టుకున్నాడు.

తర్వాతి నాలుగు రోజులూ ఆయన తన సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగాడు. నీళ్ల ట్యాంకరు ఓనరు నలుగురిలో నిలబెట్టి కడిగేశాడు. "చేతకానప్పుడు మూసుకుని కూర్చోవాలి, మా ప్రాణాలతో ఆటలా?" అన్నాడు. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. అయినా, బండి ఎప్పుడు తెస్తారో కనుక్కునేదాకా కదల్లేదు. కూరగాయల వ్యానువాడు, "మీరు చేసినదాంట్లో తప్పంటే నేను నమ్మను" అని నవ్వేశాడు. అతన్ని ఒప్పించడానికి తిట్టినవాళ్లకన్నా ఎక్కువసేపు పట్టింది. ఏడు బండ్లూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. పక్క షెడ్డు మెకానిక్కు విప్పాడు. ఆరు బాగానే ఉన్నాయి. ఏడోది రొట్టెలమ్మే ఆవిడ వ్యాను. దాంట్లో రింగు సగం గాడిలో, సగం బయట ఉంది. ఇంకో నెలో, రెండు నెలలో, ఎప్పుడైనా జారిపోయేదే. ఆవిడ దాన్ని చూసి తన ఇద్దరు పిల్లల్నీ దగ్గరికి లాక్కుంది.

ఇక పోస్టుమాస్టరు మిగిలాడు. అక్కడికి వెళ్లడానికి ఆయనకి ముఖం చెల్లలేదు. రెండుసార్లు వీధి మలుపు దాకా వెళ్లి తిరిగొచ్చాడు. మూడోసారి కూతురు వెంట వచ్చింది.

పోస్టుమాస్టరు కిటికీ పక్క మంచం మీద, మూడు దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. ఆయన భార్య మందుల బిళ్లలు పూటపూటకీ వేరుచేసి చిన్న డబ్బాల్లో సర్దుతోంది. మేస్త్రి కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. రింగు సంగతి, వేళ్ల సంగతి, జేబులో దాచిన సంగతి ఏదీ తగ్గించకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ భార్య చేతులు ఆగిపోయి ఉన్నాయి.

పోస్టుమాస్టరు ఊపిరి ఈలలా వినిపిస్తోంది.

"ఆ రెండు రోజులూ నీళ్లలో మునుగుతున్నట్టే ఉంది" అన్నాడు. "పడుకుంటే మునగడం, లేస్తే మునగడం. ఎవరికీ రాకూడదది."

"తప్పైపోయింది" అన్నాడు మేస్త్రి.

"అవును, తప్పే." ఆయన కూతురి వైపు తిరిగాడు. "సోమవారం వ్యాను వస్తుందా?"

"వస్తుందండీ."

"కొత్త గేర్‌బాక్సు ఎవరు చూశారు?"

"నేనే చూశాను."

"అయితే ఎక్కుతాను" అని కళ్లు మూసుకున్నాడు.

భార్య లేచి గుమ్మం దాకా వచ్చింది. కూతురి చెయ్యి ఒకసారి నొక్కి వదిలింది. మేస్త్రి రెండు చేతులూ జోడించాడు. ఆవిడ ఆ చేతుల వైపు చూసింది, బొబ్బలు మాని తెల్లగా మచ్చలు పడ్డ ఆ రెండు వేళ్ల వైపు కూడా చూసింది. తలుపు మెల్లగా వేసుకుంది.

వీధిలోకి వచ్చాక మేస్త్రి, "ఆ షుగరు డాక్టరు ఎన్నింటికి వస్తాడో మీ అమ్మని అడుగు, వెళ్దాం" అన్నాడు. కూతురు "సరే" అంది. ఆయన వెనక్కి తిరిగి ఆ మూసిన తలుపును ఇంకోసారి చూసుకుని, ఆమె పక్కన నడక మొదలుపెట్టాడు.