నాగవ్వ జిద్దు

లోకంలో ఆడవాళ్లు అలిగితే పుట్టింటికి పోతారు, తన పెండ్లాం మాత్రం గోడ దిక్కు తిరిగి కూర్చుంటుందని గుండయ్య కొట్టంలో కూలీలందరికీ మొరపెట్టుకుంటున్నాడు. చేతులు విత్తనపు అల్లం విరుస్తూనే ఉన్నాయి. ముక్కకో కన్నుండాలి, లేకుంటే మొలవదు.

"దానికి జిద్దెక్కిందంటే దేవుడొచ్చి పిల్సినా పల్కదు."

ఆ ఇంట్లో మాటలకు కూడా పంపకాలున్నాయి. కొడుకు శివరాజ్ పోలీసు పరీక్ష తప్పి, మళ్లీ రాసి, మళ్లీ తప్పితే అది పట్టుదల. ఎండిన బోరును ఇంకా లోతుకు దించి గుండయ్య ఉన్న ఎకరం పోగొట్టుకుంటే అదీ పట్టుదలే. కూతురి చదువు ఆపొద్దని నాగవ్వ అన్నం మాని గోడకు తిరిగితే మాత్రం జిద్దు. ఆ పిల్ల చదివింది. జిద్దన్న పేరు మాత్రం మారలేదు.

ఈసారి జిద్దు దవాఖాన కోసం. రొమ్ము మీద బండ పెట్టినట్టుందని, నడిస్తే ఎగపోస్తోందని వారం నుంచి అడుగుతోంది. అల్లం నాటు కానిమ్మన్నాడు గుండయ్య. పొద్దున మళ్లీ అడిగితే, గ్యాస్ పట్టింది, సోడా తాగమన్నాడు. ఆమె కొట్టం మూలకు పోయి, గోడకు తిరిగి, ముక్కలు విరుస్తూ కూర్చుంది.

సద్ది మూటలు విప్పే వేళకు ఆమె చేతులు ఆగిపోయాయి, తల గోడకు ఆనింది. పక్కింటి యాదమ్మ పిలవడానికి లేచింది.

"పోకు వదినె. బతిమిలాడితే ఇంకింత బిగుస్తది," అన్నాడు గుండయ్య.

యాదమ్మ నవ్వి కూర్చుంది. నాగవ్వ తెచ్చిన మామిడి తొక్కు అందరూ పంచుకున్నారు, బాగుందన్నారు. మధ్యాహ్నం ఆసామి చెన్నబసప్ప వచ్చి, గోడను చూసేదానికి కూలెందుకని గొణిగి పోయాడు. గుండయ్యకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి రానీ, చెప్తానన్నాడు.

పొద్దు వాలేసరికి కోపం దిగింది. ఎప్పుడూ చివరికి దిగేది తనే. హైవే పక్క హోటల్ నుంచి గ్లాసుతో చాయ్ తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

"గిదో, తాగు. రేపే పోదాం దవాఖానకు. నువ్వే గెల్సినవ్, సరేనా?"

ఆమె భుజం పట్టి కదిపాడు. మనిషి మొత్తం, కూర్చున్న తీరు విడవకుండానే, పక్కకు ఒరిగింది.

యాదమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. గుండయ్య నేల మీద కూలబడ్డాడు. అందరికీ వినపడేలా అన్నాడు.

"దానిది జిద్దు కాదు, నొప్పే. నేనే తప్పు జేసిన."

గోడ వారన గ్లాసులో చాయ్ మీద మీగడ కట్టి, మెల్లగా ముడత పడుతోంది.