మేక ఒప్పుకోలు

బలికి తెచ్చిన మేక నెత్తిన నీళ్ళు చల్లుతాం. అది తల విదిలిస్తే ఒప్పుకుందంటారు. మరి ఒప్పుకున్న మేకకి కనపడకుండా కత్తిని బుట్టలో బార్లీ గింజల కింద దాచడమెందుకు? దేవతలంటే నాకు భయమూ భక్తీ ఉన్నాయి. ఈ అనుమానం మాత్రం చిన్నప్పటి నుంచీ వదల్లేదు.

నన్ను కనేటప్పుడు అమ్మకి కాన్పు చాలా కష్టమైందట. తల్లీ బిడ్డా దక్కితే మేకనిస్తానని నాన్న మా బ్రౌరోన్ గుడిలో ఆర్టెమిస్ తల్లికి మొక్కుకున్నాడు. తీర్చకముందే పడవ మునిగి పోయాడు. పెద్దయ్యాక నేనే మేకను తోలుకుపోయాను. చెవిలో నీళ్ళు పడి అది తల విదిలించింది. అది ఒప్పుకోలు కాదనిపించి, మనసొప్పక వెనక్కి తోలుకొచ్చేశాను. అప్పటి నుంచి ఊళ్ళో లైసిథియోస్ అన్న నా పేరు ఎవరికీ తెలియదు. ‘మేకనడిగినాయన’ అంటేనే ఇల్లు చూపిస్తారు.

రేపు మా అమ్మాయి ఫిలిన్నా పెళ్ళి. పురుడు పోసేదీ, పురిట్లో ప్రాణం తీసుకుపోయేదీ కూడా ఆ ఆర్టెమిస్ తల్లే.

“ఆమెకి బాకీ పెట్టుకుని పిల్లని కాపురానికి పంపుతావా? ఇవాళ మొక్కు తీరకపోతే రేపు పెళ్ళి లేదు,” అంది నా భార్య నికిప్పే.

“మేక నిజంగా ఒప్పుకోవాలి కదే.”

“మా నాన్న నన్ను నీ చేతిలో పెట్టినప్పుడు నన్నెవరడిగారు? నా మీద నీళ్ళైనా చల్లలేదు!”

నా బావమరిది తిమోలాస్ తన మందలోంచి మేకను తెచ్చాడు. బలిపీఠం దగ్గర ఫిలిన్నా బుట్ట పట్టుకుని నిలబడింది. ముసలి పూజారమ్మ నీళ్ళు చల్లింది. మేక కదల్లేదు. మళ్ళీ చల్లింది. ముక్కు మీద పడ్డ చుక్కను నాకి ఊరుకుంది.

“ఇంట్లో కుక్కే నీ మాట వినదు, ఇక మేక వింటుందా బావా? తప్పుకో, చెవిలో పోస్తాను,” అన్నాడు తిమోలాస్.

“వద్దురా. చెవిలో పోస్తే నువ్వైనా ఊపుతావు.”

“నాకు మాంసం పెడతానంటే చాలు, నీళ్ళు కూడా అక్కర్లేదు.”

ఆడవాళ్ళు నవ్వారు. ఫిలిన్నా నవ్వలేదు. చిన్నప్పుడు ఈ గుడి ముందే ఎలుగుపిల్లలా గంతులేసి ఆడిన పిల్ల, ఇప్పుడు బుట్టను గుండెకి హత్తుకుంది.

“నాన్నా, ఈ మేకని కూడా వెనక్కి తోలుకెళ్తావా?” అంది మెల్లగా.

“బుట్ట కిందికి దించమ్మా. తిననీ. కత్తి కూడా కనపడనీ. చూశాక అదేం చేస్తే అదే జవాబు,” అన్నాను.

“అపచారం!” అంది నికిప్పే.

పూజారమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “అమ్మవారికి కనపడని కత్తా ఏం? దించు పిల్లా.”

మేక బుట్టలో మూతి పెట్టి ఆబగా తింది. గింజలు తగ్గేసరికి కత్తి బయటపడింది. వాసన చూసింది. తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. అది మెడ వంచి, నిదానంగా మళ్ళీ ఆ కత్తి పక్కకే తల దించింది.

“ఇంకేం కావాలి నీకు? ముద్ర వేసివ్వమంటావా?” అంది పూజారమ్మ.

అది ఒప్పుకోలో, ఆకలో నాకు తెలియదు. దాచకుండా అడిగాను, అంతకు మించి నా చేతిలో లేదు. సరేనన్నట్టు నేనే తల ఊపాను.

కత్తి దిగేటప్పుడు ఆడవాళ్ళందరూ ఆనవాయితీ ప్రకారం గొంతెత్తి కూత పెట్టారు. అందరికన్నా గట్టిగా వినపడింది నికిప్పే గొంతు. తొడ ఎముకలు కొవ్వులో చుట్టి నిప్పుల మీద పెట్టాం.

“ఎముకలు అమ్మవారికి, మాంసం మనకి. ఈ పంపకం మీద మాత్రం అనుమానం తెచ్చుకోకు బావా, ఆకలేస్తోంది,” అన్నాడు తిమోలాస్.

ఫిలిన్నా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. పొగ గుడి కప్పు దాటి, నాన్న మునిగిన సముద్రం వైపు సాగింది.

“నాన్నా, నీ మేక అమ్మవారికి ముట్టింది,” అన్నాను.