వెంట్రుకవాసి దిగిన పాట

పొద్దున్నే దేవుడి ముందు పాడితే వదినకు పై స్వరం అందేది కాదు. అదే పాట శనివారం సాయంత్రం బేకరీలో పాడితే ఇట్టే అందేది. రెండేళ్లుగా ఆమెకు అంతుపట్టని సంగతి ఇది.

"ఏమిటయ్యా నీ లెక్క?" అని దీపం వెలిగించి దేవుణ్ని నిలదీసేది. "నీ ముందు గొంతు నొక్కేసి, పదిమంది ముందు పలికిస్తావా? వాళ్ల మెప్పు కావాలని నేనెప్పుడైనా నిన్ను అడిగానా?"

నోరు తెరిచి అడగలేదన్న మాటే గానీ, మనసులో ఆ కోరిక కాస్త ఉండే ఉంటుంది. అది ఆయనకు తెలియకుండా ఉంటుందా? ఆ అనుమానం రాగానే గొంతు తగ్గించేసేది.

"నీ దేవుడు కూడా శనివారం బేకరీకే వస్తున్నట్టున్నాడోయ్. ఇంట్లో వింటే చుట్టుపక్కల మంచి రొట్టె దొరకదుగా!" అనేవాడు భర్త, అద్దం ముందు గడ్డం గీసుకుంటూ.

"మీరు నోరు మూసుకుని గీసుకోండి, తెగుతుంది."

పాట వాళ్లదే. కిటికీ మీద వాలిన పిట్టను తెల్లవారిందా అని అడిగే పాట. మాటలు వదినవి, వరస ఆడపడుచుది. అది పుట్టిన రోజున ఆడపడుచు గిటార్ పట్టుకుని, ఏ శ్రుతిలో పెడదాం వదినా అంటే, వదిన దేవుడి దగ్గరున్న చిన్న ఇత్తడి గంట తీసి మోగించింది. ఆడపడుచు తీగను ఆ గంటకు కలిపింది. అప్పట్నుంచీ వదిన రోజూ పొద్దున ఆ గంట మోగించి, దాని శ్రుతిలోనే ఎత్తుకునేది; మా శ్రుతి దేవుడిచ్చింది అని అందరికీ చెప్పుకునేది.

వదిన ఇంట్లోనే బట్టలు కుట్టేది. ఇంకా పెళ్లి కాక అన్నావదినల దగ్గరే ఉంటున్న ఆడపడుచు కళ్లజోళ్ల కొట్లో పని చేసేది. వచ్చినవాళ్ల కళ్లకు అద్దాలు మార్చి మార్చి పెట్టి, "ఇది బావుందా? ఇప్పుడో?" అని అడగడం ఆమె పని. మనిషి చూపుకు తెలియకుండా ఎంత మార్చవచ్చో ఆమెకు బాగా తెలుసు.

వారానికోసారి ఇద్దరూ బేకరీలో పాడేవారు. మైకు లేదు, దీపాల హంగు లేదు. ఆనాటి రొట్టెలన్నీ అమ్ముడైపోయాక, బట్టీ ఇంకా వెచ్చగా ఉండగా, వచ్చినవాళ్లు పిండి బస్తాల మీద, బోర్లించిన పెట్టెల మీద కూర్చునేవారు. పడమటి కిటికీలోంచి వచ్చే ఎండలో పిండి నలుసులు నెమ్మదిగా తేలుతూ ఉండేవి. పాట మొదలైతే అవి కూడా పైకే పోతున్నట్టు అనిపించేది. నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో ఉన్నట్టుండేది ఆ గది.

గుమ్మానికి 'వదినా ఆడపడుచుల పాట' అని సుద్దముక్కతో పలక మీద రాసి పెట్టేవాడు రొట్టెలాయన. "పాట కోసం వస్తున్నారనుకుంటున్నారా అమ్మా? వదినా ఆడపడుచులు ఒక్క శ్రుతిలో ఉండటం ఎక్కడా చూడలేదట, ఆ వింత కోసం వస్తున్నారు" అని ఏడిపించేవాడు.

వదినకు ఒకటే పట్టుదల. పిట్టను "తెల్లవారిందా" అని అడిగేచోట గొంతు పైకి ఎగరాలి. అక్కడ అందరూ ఊపిరి బిగబట్టేవారు. "అది అందని రోజున పాట కట్టిపెట్టేస్తాను" అని వదిన ఎన్నోసార్లు అంది. గొంతు పోయినా పాడుతూనే ఉన్న ఒక పెద్దావిడను చిన్నప్పుడు చూసింది. జనం చప్పట్లు కొట్టారు, కాని ఎవరూ ఆవిడ మొహం చూడలేదు, నేల చూశారు. "నాకు ఆ చప్పట్లు వద్దు. ఒట్టు."

ఆ మాట అన్నప్పుడల్లా ఆడపడుచు ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్లిపోయేది.

ఆ వారం గంట నాలుక ఊడిపోయింది. ఇత్తడి సామాను బాగుచేసే అతని దగ్గర ఇచ్చి, శనివారం బేకరీకి వెళ్తూ తీసుకుని సంచిలో వేసుకుంది వదిన.

ఆడపడుచు ఎప్పటిలాగే ముందొచ్చి తీగలు సవరిస్తోంది. "ఈ బట్టీ వేడికి సడలిపోతాయి వదినా" అంటూ ప్రతి వారం చేసే పనే. జనం సర్దుకుని కూర్చున్నారు. తీగ మీటింది. వదిన నీళ్ల సీసా కోసం సంచిలో చెయ్యి పెట్టింది.

గంట మోగింది.

తీగా గంటా కలవలేదు. గంట శ్రుతి మేడ మీద ఉంటే, తీగ శ్రుతి వాకిట్లో ఉంది. రెండూ ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నట్టు కాసేపు గాల్లో నిలబడి ఆగిపోయాయి.

వదిన ఆడపడుచు వైపు చూసింది. ఆ పిల్ల తల ఎత్తలేదు. తీగ బిగించే మర మీద వేళ్లు అలాగే ఉండిపోయాయి. చెవులు ఎర్రగా కందిపోయాయి.

వదినకు అర్థమైంది. శ్రుతి ఒక్కసారిగా దించితే ఎవరికైనా తెలుస్తుంది. వారం వారం వెంట్రుకవాసి దించుకుంటూ వస్తే ఎవరికి తెలుస్తుంది? కళ్లజోడు మార్చినట్టే. ఇన్నాళ్లూ తను పైకి ఎక్కలేదు. మెట్టే కిందికి దిగింది.

అంటే ఒట్టు ఎప్పుడో తప్పింది. ఇప్పుడే లేచి, ఇక సెలవు అని చెప్పి వెళ్లిపోవాలి. మాట మీద నిలబడే మనిషైతే అదే చెయ్యాలి.

ఆడపడుచు పాట ముందు వాయించే వరస అందుకుంది. వదిన గొంతు కలపలేదు. వరస తిరిగి మొదటికొచ్చింది. అయినా కలపలేదు. వినేవాళ్లు ఇదేదో కొత్త పద్ధతి కాబోలనుకుని కళ్లు మూసుకున్నారు. ఆ పిల్ల వాయిస్తూనే ఉంది, రా వదినా, రా వదినా అని పిలుస్తున్నట్టు.

పిండి నలుసులు ఎండలో తేలుతున్నాయి. వదిన వాటినే చూస్తూ ఉండిపోయింది. ఆడపడుచు మంచం దేవుడి గదికి ఆనుకున్న గోడ పక్కనే ఉంటుంది. పొద్దున తన గొంతు జీరబోవడం గోడ అవతల వినిపిస్తుంది. తను నిలదీసింది దేవుణ్ని. విన్నది ఈ పిల్ల. ఆయన విననట్టా? విని, ఈ పిల్లకు పురమాయించినట్టా? లేక ఆయన ప్రమేయమేమీ లేకుండా, వదిన పాడాలని ఈ పిల్లకే అనిపించిందా? ఏది నిజమైనా, నేల చూసే మనిషి ఒక్కరూ ఈ గదిలో లేరు.

ఇంత మంది ముందు ఎవరికోసం పాడుతున్నానో ఇప్పుడు తెలిసింది అనుకుంది. అంతలోనే, నిజంగా తెలిసిందా అనీ అనుకుంది.

కిందికి వంగి ఆడపడుచు చెవి దగ్గర చెప్పింది.

"ఏమే, ఇంకో వెంట్రుకవాసి దించు. ఇవాళ గొంతు పట్టేసింది."

తీగ మీద చెయ్యి ఆగింది. ఆడపడుచు తలెత్తి చూసింది. కళ్లనిండా నీళ్లు, పెదవి మీద దొరికిపోయిన దొంగ నవ్వు.

"రెండు దించనా?"

"ఆశకు అంతుండాలి. ఒకటి చాలు."

రొట్టెలాయన బస్తా మీంచి అరిచాడు. "ఏంటమ్మా, పోట్లాటా? చెప్పి పోట్లాడుకోండి, మేమూ వింటాం!"

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే తీగ దిగింది. వదిన కళ్లు మూసుకుని పిట్టను పిలిచింది. తెల్లవారిందా అని అడిగేచోట గొంతు తేలిగ్గా ఎగిరి, ఎక్కడికి చేరాలో అక్కడికి చేరింది. అది ఎంత ఎత్తో ఈసారి ఆమె కొలుచుకోలేదు.

మర్నాడు పొద్దున గంట తన చోటుకు వచ్చింది. వదిన దాన్ని మోగించకుండానే, తన గొంతుకు ఎక్కడ హాయిగా ఉందో అక్కడ ఎత్తుకుంది. "తప్పయితే చెప్పు" అంది మధ్యలో ఆగి, దీపం వైపు చూస్తూ.

జవాబు వస్తుందని ఆమె అనుకోలేదు. గోడ అవతల మంచం కిర్రుమంది. కాసేపటికి, ఆ కింది శ్రుతిలోనే, గిటార్ మెల్లగా మోగింది.