ప్రింటరు మీద బొట్టు

కంప్యూటరు మీద దుమ్ము తుడవడం నా పని. దాన్ని ఆన్ చేయడం ఆయన పని. మా కాపురంలో ఏ గొడవా లేకుండా జరిగిన పంపకం అదొక్కటే అనుకుంటాను.

ఈ ఆదివారం మధ్యాహ్నం కూడా ఆయన పాత లుంగీ గుడ్డతో తెర తుడిచాను. తుడిచి, ఆయన కూర్చోవడానికి అలవాటుగా పక్కకి తప్పుకున్నాను. కుర్చీ ఖాళీగానే ఉంది. ఆయన పోయి రెండు నెలలు దాటింది. రైతుబజారు నుంచి వచ్చి, కూరగాయల సంచి గడప పక్కన పెట్టి, మంచినీళ్ళడిగారు. నేను గ్లాసుతో వచ్చేసరికి గోడకి ఆనుకుని ఉన్నారు. అంతకంటే దాని గురించి రాయడం నాకు చేతకాదు.

ప్రింటరు మూత మీద కుంకుమ బొట్టు ఇంకా ఉంది. నిరుటి దసరాకి నేను పెట్టిందే. ప్రతి దసరాకీ ఆయన స్నానం చేసి వచ్చేలోగా ఆ యంత్రాలన్నీ తుడిచి, పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి ఉంచేదాన్ని. పెద్దకర్మ రోజున నా నుదుటి బొట్టు తీయించినవాళ్ళు దీన్ని చూడలేదు.

నేను ఉయ్యూరు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్ని. పదోన్నతి జాబితాలో నా పేరు వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్‌గా వెళ్ళడానికి ఇష్టమేనని తెలిపే పత్రాన్ని వెబ్‌సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకుని, ప్రింట్ తీసి, సంతకం పెట్టి రేపు పొద్దున పదింటికల్లా జిల్లా కార్యాలయంలో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఇష్టం లేదని రాసుకుంటారు. రెండేళ్ళ కిందట అలాగే రాసుకున్నారు.

పొద్దున మా మరిది సూర్యప్రకాష్ ఫోన్ చేశాడు. "సాయంత్రం కారు తీసుకుని వస్తా వదినా. ఆ కంప్యూటరు, ప్రింటరు మా ఇంటికి పట్టుకెళతా. మీకెందుకు, ఊరికే మూల పడుంటాయి. మీ కాగితాలేమైనా ఉంటే నాకు వాట్సాప్ పెట్టండి. వీలు చూసుకుని తీసిస్తాను."

వీలు చూసుకుని. ఆ మాట అన్నదమ్ములిద్దరిదీ ఒకటే.

మా వీధి చివరి నెట్ సెంటర్ ఆదివారం తీయరు. మా బడిలో హిందీ టీచరు మార్తకి ఫోన్ చేసి, కాస్త ప్రింట్ తీసిపెట్టమని అడిగాను. చర్చి నుంచి అప్పుడే వచ్చిందట.

"నా దగ్గర ప్రింటరెక్కడిది మేడమ్? మీ ఇంట్లో ఉందిగా?"

"ఉంది. కానీ అది మావారే..."

మార్త నా మాట పూర్తి కానివ్వలేదు. "ఫోన్ స్పీకర్లో పెట్టి, ఆ కుర్చీలో కూర్చోండి మేడమ్," అంది.

కూర్చున్నాను. ఆయన ఎత్తుకి సరిపెట్టుకున్న కుర్చీ. నా కాళ్ళు నేలకి ఆనలేదు.

"ఆన్ చేశారా?"

"పాస్‌వర్డ్ అడుగుతుందేమో మార్తా. ఆయన నాకెప్పుడూ చెప్పలేదు."

"ముందు నొక్కండి. అడిగితే అప్పుడు చూద్దాం."

నొక్కాను. తెర వెలిగింది. భవానీ ద్వీపంలో మేమిద్దరం దిగిన ఫొటో వచ్చింది. ఆ ఫొటో అక్కడ పెట్టుకున్నారని నాకు తెలుసు. ఆయన ఆపకుండా వదిలేసిన రోజు దుమ్ము తుడుస్తూ చూశాను.

"ఏమడిగింది మేడమ్?"

"ఏమీ అడగలేదు."

దానికి తాళమే లేదు. ఇన్నేళ్ళూ ఉందనుకున్నాను. ఉందని ఆయన ఎప్పుడూ అనలేదు కూడా. "నువ్వు ముట్టుకోకు, అన్నీ పోతాయి," అనేవారు, అంతే. నేను బడిలో రోజూ ఫోన్‌లో పిల్లల హాజరు వేస్తాను, మధ్యాహ్న భోజనం ఫొటోలు ఎక్కిస్తాను. అవన్నీ చేసే వేలు ఇంటికి వచ్చాక ఈ మీట దగ్గర ఎందుకు ఆగిపోయిందో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. ప్రశ్నపత్రం కావాలంటే ముందురోజే చెప్పుకోవాలి. ఆయన ఆఫీసు నుంచి వచ్చి, టీ తాగి, వార్తలు చూసి, భోజనం చేసి, అప్పుడు కూర్చునేవారు. నేను వెనక నిలబడేదాన్ని. సెలవు చీటీ అయినా సరే, ఆయన మొదట చదివి, ఒక మాట మార్చి, అప్పుడే ప్రింట్ ఇచ్చేవారు. చుట్టాలొస్తే, "మా ఆవిడ ప్రపంచ పటం మొత్తం గీస్తుంది, ప్రింట్ బటన్ మాత్రం చూపించలేదు," అనేవారు. అందరూ నవ్వేవారు. అందరికంటే ముందు నేనే నవ్వేదాన్ని. "వాడు ఆఫీసులో చచ్చేట్టు చేసొచ్చి, నీ బడి పనులు కూడా చేసిపెడుతున్నాడమ్మా, అదృష్టవంతురాలివి," అనేది మా అత్తగారు. ఆ సమయంలో నేను రేపటి పప్పు నానబోస్తూ ఉండేదాన్ని. దాన్ని ఎవరూ సాయం అనలేదు. నాకూ తోచలేదు.

"సైట్ వచ్చిందా మేడమ్? కింద డౌన్‌లోడ్ అని ఉంటుంది, నొక్కండి. ఇప్పుడు పైన మూలన చిన్న బాణం గుర్తు కనిపిస్తోందా? దాని మీద నొక్కితే మీ కాగితం తెరుచుకుంటుంది."

తెరుచుకుంది. పైన నా పేరు ఉంది. వి. త్రిపురసుందరి, స్కూల్ అసిస్టెంట్, సాంఘిక శాస్త్రం.

"ప్రింటర్లో కాగితాలు పెట్టి, ప్రింట్ కొట్టండి."

కొట్టాను. ఏమీ జరగలేదు. మళ్ళీ కొట్టాను. నా వల్ల ఏదో చెడిపోయిందనుకున్నాను. ఇంకా కొట్టాను. అప్పుడు ప్రింటరు లోపల ఏదో మూలిగి, ఒక కాగితాన్ని బయటికి తోసింది. దాని వెనకే ఇంకొకటి, ఇంకొకటి.

"మార్తా, ఇది ఆగట్లేదు!"

"ఎన్నిసార్లు కొట్టారు మేడమ్?"

"రాలేదని కొడుతూనే ఉన్నా."

"అయ్యో తల్లీ! అది నిద్రలేవడానికి కాస్త టైం పడుతుందండీ. నొక్కినన్నీ వస్తాయి. రానివ్వండి, ఏం పర్వాలేదు. ఊళ్ళో అందరికీ ఒకటివ్వండి, మా మేడమ్ హెడ్‌మిస్ట్రెస్ అవుతోందని!"

నవ్వు వచ్చింది. ఆయన పోయాక మొదటిసారి. కాగితాలు ట్రే నిండి నేల మీద పడుతున్నాయి. ప్రతి దాని మీదా నా పేరే. ఒకటి తీసి పట్టుకున్నాను, వెచ్చగా ఉంది. అప్పుడు నా నవ్వు ఆగిపోయింది.

ఇంతేనా?

పొయ్యి మీద పెట్టిన పాలు పొంగేపాటి సమయం కూడా పట్టలేదు.

రెండేళ్ళ కిందట, ఇదే పత్రం, చివరి రోజు. నేనూ బడికి సెలవు పెట్టాను, ఆయన కూడా సెలవు పెట్టి మరీ ఈ కుర్చీలో కూర్చున్నారు. నేను వంటింట్లోంచి అడుగుతూనే ఉన్నాను. "సర్వర్ డౌన్ సుందరీ," అన్నారు. భోజనాల దగ్గర అడిగాను. "ఇంకా డౌనే." బయటికెళ్ళి తీయిస్తానన్నాను. "ఇంట్లో ఇంత ప్రింటరు పెట్టుకుని నెట్ సెంటర్లో నిలబడతావా? అక్కడైనా అదే సర్వర్." గడువు దాటిపోయింది. సాయంత్రం నాకోసం బందరు హల్వా తెచ్చారు. "పోనీలే. నిన్ను ఏ మూలకో వేస్తే ఇల్లెవరు చూస్తారు?" అన్నారు. నా కోసం రోజంతా కూర్చున్న మనిషి అని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హల్వా సగం ఆయనకే పెట్టాను.

ఆ రోజు నిజంగానే సర్వర్ పనిచేయలేదేమో. పనిచేయని రోజులుంటాయి, నాకు తెలుసు. కానీ ఆ రోజు నేను వెనక నిలబడి తెర చూడలేదు. చూడాలని కూడా అనిపించలేదు. అడగాల్సిన మనిషి ఒక్కరే. ఆయన భవానీ ద్వీపంలో నా భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్నారు. ఆ చెయ్యి ఇప్పుడు కావాలని ఉంది. ఆ చెయ్యి ఆ రోజు ఏ మీట నొక్కిందో, నొక్కలేదో తెలియాలనీ ఉంది. ఈ రెండూ ఒకే గుండెలో ఎలా ఇముడుతున్నాయో నాకు అర్థం కావడం లేదు.

"మేడమ్, ఉన్నారా?"

"ఉన్నాను. ఇంకొక్కటి చెప్పు మార్తా. అది కూడా నేర్పు."

సాయంత్రం సూర్యప్రకాష్ వచ్చాడు. చెప్పులు విప్పుతూనే నేల మీది కాగితాలు చూశాడు.

"ఇవెవరు తీశారు వదినా?"

"నేనే."

"ఇన్నా? ఎంత పేపరు దండగ!" ఒకటి తీసి చదివాడు. "హెడ్‌మిస్ట్రెస్సా? ఇప్పుడీ పరిస్థితుల్లో ఎందుకు వదినా ఇవన్నీ? ఎక్కడో వేస్తారు. ఒక్కరూ ఎలా ఉంటారు? అన్నయ్య ఉంటే ఒప్పుకునేవాడా?"

నేను ఒక ప్రతి మీద సంతకం పెట్టి, కవర్లో పెట్టి, బడి సంచిలో వేసుకున్నాను.

అతను ఆయన కుర్చీలో కూర్చుని మీట నొక్కాడు. కూర్చోగానే ఉలిక్కిపడ్డాడు, కుర్చీ కిందికి దిగి ఉంది. మోకాళ్ళు బల్లకి తగిలాయి. తెర వెలిగింది, కానీ ఫొటో రాలేదు. దాని బదులు ఒక ఖాళీ గడి వచ్చింది.

"దీని పాస్‌వర్డ్ ఏంటో అన్నయ్య మీకేమైనా చెప్పాడా వదినా?"

"దానికి పాస్‌వర్డ్ ఎప్పుడూ లేదు ప్రకాష్," అన్నాను. "ఇవాళ నేను పెట్టాను."