దగ్గిన చెక్క

టాస్మేనియాలోని హ్యూన్‌విల్ ఊరి వడ్రంగి షెడ్డులో ఫోటో చూసి చెక్క మీద బొమ్మ చెక్కే మిషను పని వెల్మాది. పొద్దున్నే వచ్చి పొట్టు ఊడ్చి, కంప్యూటరు ఆన్ చేసి, మొగుణ్ణి తిట్టడం మొదలుపెట్టేది. ఆ పూటా అంతే.

“ఎన్నిసార్లు చెప్పాలి ఆర్చీ? దీనికి కుక్కా తెలీదు, నక్కా తెలీదు. నలుపుంటే లోతుగా తవ్వుతుంది, తెలుపుంటే వదిలేస్తుంది. మధ్యలో బూడిద రంగుని బట్టి లోతు. నీ కుక్కేమో సగం నలుపు, సగం తెలుపు!”

చచ్చిపోయిన కుక్క ఫోటోనే ఆర్చీ మళ్లీ మళ్లీ తెచ్చాడు. నల్ల చెవి ఉన్నచోట గొయ్యి, తెల్ల మూతి ఉన్నచోట గుట్ట. అలా పాడైన చెక్క కుక్కలన్నీ మూలన రొప్పుతున్నాయి. ఆ షెడ్డులో ఏం చెక్కినా ఊపిరి పోసుకుంటుంది. చేపని చెక్కేవాళ్లు ముందే నీళ్లతొట్టి సిద్ధం చేసుకునేవాళ్లు.

“బూడిద రంగేగా నీక్కావాల్సింది?” అని ఆర్చీ దగ్గుకుంటూ ఇంటికెళ్లి, పెన్‌డ్రైవ్ తెచ్చి బల్ల మీద పడేసి బయటికి పోయాడు.

తెర మీద ఏవో పక్కటెముకలు. ఏ పాత పడవ చట్రమో అనుకుంది వెల్మా. విసుగ్గా మీట నొక్కింది.

మిషను ఆగగానే చెక్క ఎగశ్వాస తీసి దగ్గింది. ఆ దగ్గు వెల్మాకి తెలుసు. చలికాలం మొదలైనప్పటినుంచీ రోజూ పక్కలో వింటున్నదే. ఎముకల మధ్య లోతులో, నున్నగా ఉండాల్సిన చోట, బఠాణీ అంత బుడిపె. తెల్లమచ్చ కదా, మిషను ముట్టుకోలేదు.

“ఇది నీ ఎక్స్‌రేనా?”

ఆర్చీ తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. “హోబార్ట్ ఆస్పత్రికి రమ్మంటున్నారు. నేను పోను. మా నాన్న అక్కడి మంచమెక్కి మళ్లీ దిగలేదు.”

“నాతో ఒక్క ముక్కైనా అన్నావా?”

“తిడతావని.”

“తిట్టక హారతిస్తారా, మొద్దు మనిషీ!”

వెల్మాకి ఒళ్లు మండిపోయింది. అంతకుమించి భయం వేసింది. సన్న ఉలి తీసి బుడిపె అంచున ఆనించింది. గుమ్మంలో ఆర్చీ తన పక్కటెముకలు పట్టుకున్నాడు.

“మెల్లిగా, వెల్మా.”

“నోర్ముయ్. కదిలావంటే చంపేస్తా.”

కొంచెం కొంచెంగా గీకింది. గరుకు కాగితంతో నున్నగా రుద్ది, నోటితో ఊదింది. ఆర్చీ వంగిపోయి దగ్గాడు. అరచేతిలో గుప్పెడు పొట్టు పడింది. దాన్ని చూసుకుని, చెయ్యి లాగుకి తుడుచుకున్నాడు. ఆ తర్వాత దగ్గలేదు.

“టీ పెట్టనా?” అన్నాడు. గొంతు తేటగా ఉంది.

“అదీ నన్నే అడగాలా?” అంటూ వెల్మా ఉలి పడేసి, పొట్టులోనే కూలబడి బావురుమంది.