ఎవరూ నొక్కని బటన్

తాతని బయటికి గెంటడానికి మేస్త్రీకి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మెడలో కార్డు లాక్కున్నాడు, క్యారేజీ చేతిలో పెట్టాడు, తన కార్డుతో తలుపు తీసి "నడు" అన్నాడు. తాతంటే నిజంగా తాత కాదు, నలభై నిండకుండానే తల ముగ్గుబుట్ట అయిన మనిషి. తొమ్మిదేళ్ళు ఆ హాల్లో పనిచేశాడు. వెళ్తూ వెళ్తూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. ముప్పై తొమ్మిది తలలు కంప్యూటర్లలోకి దూరిపోయాయి. అందులో హాల్లో అందరూ కళ్ళజోడు అని పిలిచే ఆమె తల కూడా ఉంది.

తాత చేసిన నేరం పదకొండు నిమిషాలు ఆలోచించడం. మన ఫోన్లలోకి వచ్చే యాప్‌లని స్టోర్‌లోకి రానివ్వాలా వద్దా, ఉన్నవాటిని ఉంచాలా తీసెయ్యాలా అని చూసేది ఇలాంటి హాళ్ళలోనే. స్టోర్ పెద్ద కంపెనీది, హాలు కాంట్రాక్టరుది, మెడనొప్పి మాత్రం బల్లల ముందు కూర్చున్నవాళ్ళది. యాప్‌కి ఆరు నిమిషాలే టైము. కాంట్రాక్టరు తరఫున నెత్తిన నిలబడేవాణ్ణి అందరూ వెనకాల మేస్త్రీ అంటారు. ఏసీ గదిలో ఉన్నంత మాత్రాన కూలి కూలి కాకుండా పోతుందా? ముందురోజు ఒక యాప్‌ని తీసెయ్యమని మేస్త్రీ చెప్తే, తాత నియమాల పుస్తకం తిరగేసి "ఇందులో కారణం లేదు సార్" అన్నాడు. అంతే.

కళ్ళజోడు ఆ పూట క్యారేజీ మూత తియ్యలేదు. నడుం విరిగి మంచాన పడ్డ మొగుడు, బడికెళ్ళే కూతురు, ఇల్లంతా ఆమె మెడలోని కార్డు మీదే నడుస్తోంది. అందుకే నోరు మెదపలేదు. మెదపనందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు పదకొండింటికి అదే యాప్ ఆమె బల్ల మీదికి వచ్చింది.

యాప్ పేరు "తోడు". ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు తమకోసం తాము చేసుకున్నది. యజమాని గదిలో పెట్టి తాళం వేసినా, దొంగతనం అంటగట్టినా, చెయ్యి చేసుకున్నా, ఎర్ర బటన్ నొక్కితే, ఎవరన్నది కాదు గానీ ఎక్కడన్నది ఫోన్లకి చేరి, దగ్గర్లో ఉన్న తోటివాళ్ళు పరుగున వస్తారు. ఆరువందల మంది ఫోన్లలో ఉంది. పక్కనే మేస్త్రీ రాసిన ముక్క: మూడో నియమం, తొలగించు.

తీసేసే ముందు ప్రతి బటనూ నొక్కి చూడాలన్నది పద్ధతి. అందుకోసం యాప్ రాసినవాళ్ళు ఒక ఉత్తుత్తి ఖాతా ఇచ్చి పంపాలి. తోడు వాళ్ళకి ఆ సంగతి తెలీదు, అడిగిన చోట నాయకురాలి అసలు ఖాతానే రాసి పంపారు. కళ్ళజోడుకి ఆ అనుమానమే రాలేదు. ఎర్ర బటన్ నొక్కింది. తెర మీద ఏమీ జరగలేదు. "పనిచెయ్యట్లేదు" అని రాసుకుంది. ఆరు నిమిషాలు దాటినా, తాత అన్న మాటే గుర్తొచ్చి, తొలగించు నొక్కలేకపోయింది.

పన్నెండు నిమిషాలకి కింద గేటు దగ్గర గోల మొదలైంది.

కళ్ళజోడు కిటికీలోంచి చూసింది. ఇరవై మంది ఆడవాళ్ళు. తడి చేతులు, నడుముకి దోపిన చెంగులు, ఒకామె చేతిలో తుడుపుకర్ర. వాచ్‌మన్ అడ్డుపడితే అతన్ని పక్కకి నెడుతున్నారు. కేకల్లో తోడు అన్న మాట వినగానే మేస్త్రీ, ఆ యాప్ చూస్తున్న కళ్ళజోడుని వెంటబెట్టుకుని కిందికి పరిగెత్తాడు.

"మా మనిషెక్కడ?" అని ముందున్నామె అరిచింది. పదంతస్తుల మెట్లు రోజూ కడిగే మనిషి, అందరూ మెట్లక్క అంటారు. "ఎవర్ని పెట్టి తాళం వేశారు? తలుపు తియ్యండి!"

"ఎవరూ లేరమ్మా, పొండి పొండి," అన్నాడు మేస్త్రీ.

"నేనే నొక్కాను," అంది కళ్ళజోడు. గొంతు సన్నగా వచ్చింది. "పరీక్ష కోసం."

"పరీక్షా!" తుడుపుకర్ర పట్టుకున్నామె ఒంటికాలి మీద లేచింది. "ముసలామెకి సగం స్నానం చేయించి, ఒంటిమీద సబ్బుతో పక్కింటావిడకి అప్పజెప్పి వచ్చాను! నీ పరీక్ష పాడుగాను!"

మెట్లక్క మాత్రం కళ్ళజోడు మొహంలోకి చూసింది. "ఎంతసేపట్లో వచ్చాం?"

"పన్నెండు నిమిషాలు."

"అయితే పనిచేసినట్టేగా. మా అమ్మాయి రాసింది, ఏమనుకున్నావ్! మరి దాన్ని తీసేస్తామని ఉత్తరాలెందుకు పంపుతున్నారు?"

మేస్త్రీ అందుకున్నాడు. "మీరు మనిషికి నెలకి పది రూపాయల చందా చేతికి తీసుకుంటున్నారు. అది యాప్‌లోనే కట్టించాలి. స్టోర్‌కి వందకి ముప్పై వాటా వెళ్ళాలి. అది రూలు."

"మీ స్టోరు మాకేం చేసిందని? మాలో ఒకర్ని లోపల పెట్టి తాళం వేస్తే మీ స్టోరు పరిగెత్తుకొస్తుందా?"

మేస్త్రీ కార్డు చూపించి తలుపు తీసి, కళ్ళజోడుని లోపలికి తొయ్యబోయాడు.

"ఆగు చెల్లీ," అంది మెట్లక్క. "ఆ తలుపు నీ కార్డుతో తెరుచుకోదా?"

"లోపలికి రావడానికే నా కార్డు. బయటికి రావాలంటే సార్ తియ్యాలి."

మెట్లక్క వెనక్కి తిరిగి తనవాళ్ళని చూసింది. "విన్నారా? మనం ఊరికే రాలేదు," అంది. ఎవరూ కదల్లేదు.

పైకి వచ్చేసరికి హాలంతా కిటికీల దగ్గర ఉంది. మేస్త్రీ ఒక్క కేకతో అందర్నీ కూర్చోబెట్టాడు. "నొక్కు. తొలగించు. ఇప్పుడే."

తొలగించే బటన్ బల్ల దగ్గరివాళ్ళ కంప్యూటర్లలో మాత్రమే ఉంటుంది, మేస్త్రీకి ఉండదు. రేపు ఏదైనా తేడా వస్తే మాటపడేది కూలీలే కావాలని కాంట్రాక్టరు తెలివిగా పెట్టుకున్న ఏర్పాటు అది. ఒక హాలుకి వచ్చిన యాప్, అక్కడ తేలేదాకా ఇంకో హాలుకి పోదు. ఎవరూ నొక్కనంతసేపూ తోడు బతికే ఉంటుంది.

కళ్ళజోడుకి మంచం మీది మొగుడు గుర్తొచ్చాడు, కూతురు గుర్తొచ్చింది. కింద గేటు దగ్గర ఆ ఆడవాళ్ళు ఇంకా నిలబడే ఉన్నారు.

"సార్, పనిమనుషుల్ని పంపే ఏజెన్సీ యాప్ ఉంది కదా. పోయిన నెల నేనే పాస్ చేశాను. వాళ్ళు డబ్బు బయటే తీసుకుంటారు. మనిషి వచ్చి చేసే పనికి వాటా లేదు, మూడో నియమంలోనే ఉంది అని మీరే చెప్పారు."

"అయితే?"

"యజమాని పిలిస్తే పనిమనిషి వెళ్తే వాటా లేదు. పనిమనిషి పిలిస్తే పనిమనిషి వెళ్తే వాటా కావాలా? ఇదెక్కడి న్యాయం?"

హాల్లో చిన్న కదలిక.

"ఫిర్యాదు చేసింది ఏజెన్సీయే!" అని నోరు జారాడు మేస్త్రీ. "స్టోర్ మొదటి పేజీలో వాళ్ళ ప్రకటన చూశావా? దానికి ఎంత కడతారో తెలుసా? నువ్వు నొక్కకపోతే ఇంకొకరు నొక్కుతారు. నీ పుట్టి మునుగుతుంది!" అంటూ ఆ యాప్‌ని పక్క బల్లకి తోశాడు. అక్కడ ఉన్నది అందరూ పొడుగు అని పిలిచే అతను. ఎప్పుడూ ఎవరి జోలికీ పోని మనిషి.

పొడుగు మూడో నియమం తెరిచి చదివాడు. "నాకు కూడా కారణం కనపడట్లేదు సార్," అన్నాడు.

తర్వాతి బల్ల. "నాకూ."

ఆ తర్వాతి బల్ల దగ్గర నిండు చూలాలు. "నేను పురిటికెళ్తే జీతం కోస్తానన్నారు కదా, ఇంక నాకు భయమెందుకు? నొక్కను."

బల్ల నుంచి బల్లకి, వరస నుంచి వరసకి తోడు తిరిగింది. ఒకడు భయంతో ఏడుస్తూనే నొక్కనన్నాడు. ఒకామె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముప్పై తొమ్మిది బల్లలూ అయిపోయాయి. ఇంక తన పప్పులుడకవని మేస్త్రీకి అర్థమై ఫోనందుకున్నాడు.

పోలీసులు వచ్చారు. కంపెనీ రహస్యాలు బయటపెట్టింది, మందిని పోగేసింది అని కళ్ళజోడు మీద ఫిర్యాదు. ఆమెని తీసుకెళ్ళడానికి మేస్త్రీ తలుపు తెరిచాడు.

కళ్ళజోడు లేచింది. ఆమెతోపాటు పొడుగు లేచాడు.

"నువ్వెక్కడికి? నీ మీద కేసు లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"రాసుకోండి."

కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడుతో హాలు దద్దరిల్లింది. మేస్త్రీ చేతులు బార్లా చాపి తలుపుకి అడ్డం నిలబడ్డాడు. "గడప దాటితే ఉద్యోగాలు ఊడతాయ్!"

"ఊడనీ," అంది చూలాలు, పొట్ట పట్టుకుని అతన్ని తప్పించుకుంటూ. "తాతకి ఊడినప్పుడే మాకూ ఊడాల్సింది."

కింద కళ్ళజోడుని వ్యాన్ ఎక్కించాక మెట్లక్క దాని కటకటాల కిటికీ దగ్గరికి వచ్చింది. "లోపల ఇంకా ఎవరున్నారు చెల్లీ?"

"మేస్త్రీ ఒక్కడే."

"వాడు నొక్కగలడా?"

"వాడికి బటనే లేదక్కా."

"అయితే కూర్చోండర్రా," అని మెట్లక్క వ్యాన్ చక్రాల ముందు చతికిలబడింది. ఆమె పక్కన పొడుగు, అతని పక్కన తుడుపుకర్ర ఆమె. రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరదాకా దాదాపు అరవై మంది కూర్చున్నారు. కాసేపు హారన్ కొట్టి, డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు.