మర్యం పేరున్న కాగితం

గురువారం మధ్యాహ్నం పన్నెండున్నరకు, ఆఫ్షీన్ గీసిన బొమ్మ గదిలో లేదని వీణ గమనించింది.

ఫలక్‌నుమాలోని ఆ మేడ మీద వీణ తన కొడుకు సామ్యూల్‌కు ఇంట్లోనే చదువు చెబుతుంది. కింది వాటా షౌకత్ బీ మనవరాలు ఆఫ్షీన్ కూడా వచ్చి కూర్చుంటుంది. మూర్ఛ వస్తుందని బడివాళ్లు ఆ పిల్లను పంపేశారు. వేరే బడి దొరకలేదు.

ఆ రోజు పాఠం ఐదువందల ఏళ్ల కింద ఇటలీలో వేసిన బొమ్మ. దేవదూత మోకాలు వంచి మరియకు కబురు చెబుతున్నాడు. వీణ చూసి గీయమంది. గీసిన కాగితాలు గది దాటకూడదని ముందే చెప్పింది. పాఠం అయ్యాక ఆఫ్షీన్ కిందికి వెళ్లిపోయింది.

"మమ్మీ, ఆఫ్షీన్ సంచిల పెట్టుకుంది," అన్నాడు సామ్యూల్. "దూతకు హవాయి చెప్పులేసింది. మస్తుంది."

వీణ చేతిలో గరిటె ఆగింది. నిరుడు పక్క గల్లీలో ఒక ట్యూషన్ టీచరు పిల్లల మతం మారుస్తోందని పుకారు లేచింది. సాయంత్రానికి గుంపు చేరింది. మర్నాడు ఆమె సామాను ఆటోలో వెళ్లిపోయింది.

వీణ తలుపు గడియ పెట్టింది. గోడ మీది ఆ ఇటలీ బొమ్మ ప్రింటు తీసి పరుపు కింద దాచింది. కింద ఆఫ్షీన్ తండ్రి తారిక్ గొంతు పెద్దగా వినిపించింది. మాటలు అందలేదు.

ఒంటిగంటకు ఎవరో తలుపు కొట్టారు.

"ఎవరు?"

"నేనే బిడ్డా. పట్టపగలు గడియేంది, దొంగలొచ్చిన్రా?"

షౌకత్ బీ లోపలికొచ్చి కొంగు చాటు నుంచి కాగితం తీసింది. బొమ్మ కింద ఆఫ్షీన్ మరియ పేరును ఉర్దూలో మర్యం అని రాసింది.

"తప్పయింది దాదీ. ఇగ గిసొంటివి చూపియ్య."

"నా మాట ఇను. ముఖాలున్న బొమ్మ మా ఇంట్ల పెట్టం. చింపుదమంటే ఖురాన్ల ఉన్న పాక్ పేరున్నది, చింపరాదు. నేనేం జెయ్యాలె? నువ్వే దాచుకో."

"తారిక్ భాయ్ చూసిండా?"

"సంచి తెరిచిండు. చూసిండో లేదో చెప్పలే. అడుగుదమంటే నాకే భయమైతున్నది."

"పిల్లను పంపుతరా?"

"రేపు జుమ్మా. ఎల్లుండి సంగతి వాడే చెప్పాలె."

వీణ కాగితాన్ని బైబిల్లో పెట్టింది. శుక్రవారం నమాజు ముగిసి జనం గల్లీలోకి వస్తుండగా కిటికీ మూసి, సామ్యూల్‌ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఎవరూ పైకి రాలేదు.

శనివారం పది దాటి ఐదు నిమిషాలకు మెట్ల మీద ఇద్దరి అడుగులు వినిపించాయి. ముందు ఆఫ్షీన్, వెనక తారిక్. అతను వీణ వైపు చూడలేదు. పిల్ల సంచి గుమ్మం దగ్గర పెట్టి దిగిపోయాడు.

ఆఫ్షీన్ చెప్పులు విడిచి తన చాప మీద కూర్చుంది.